వయసు చెప్పని కారు

ఆడవాళ్ళ వయసూ మగవాళ్ళ జీతమూ అడక్కూడదంటారు పెద్దలు. ఆ జాబితాలో పాత కార్లని కూడా చేర్చాలని ఈమధ్యే నాకు తెలిసొచ్చింది.

మా నాన్నగారు పోయి రెండేళ్ళయింది. విజయవాడలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన అంబాసిడర్ కారు అలాగే ఉండిపోయింది. నడిపేవాళ్ళు లేరు. అమ్మ మాత్రం శుక్రవారం శుక్రవారం దాని అద్దాలు తుడిచి, బొట్టు పెట్టి వస్తూ ఉండేది. చివరికి ఎలుకలు సీటు కింద కాపురం పెట్టి పిల్లల్ని కూడా కనడంతో, ఇక అమ్మేద్దామన్నాడు తమ్ముడు. అమ్మ అవుననలేదు, కాదనలేదు. అంటే ఒప్పుకున్నట్టే.

హైదరాబాదు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. పాత కార్లు కొని బాగుచేసి దాచుకోవడం అతని సరదా. అచ్చం పెళ్ళిచూపులకి వచ్చినట్టే వచ్చాడు. కాఫీ తాగాడు, మంచీ చెడ్డా మాట్లాడాడు, ఆ తర్వాత "అమ్మాయిని" చూస్తానన్నాడు. చూసేటప్పుడు జేబులోంచి చిన్న అయస్కాంతం ముక్క తీసి కారు ఒంటి మీద అక్కడక్కడ ఆనించాడు. రేకున్నచోట అది టక్కున అతుక్కుంది. ఎడమ వైపు మడ్‌గార్డు దగ్గర మాత్రం జారి కింద పడింది.

"ఇక్కడ లప్పం పెట్టారండీ" అన్నాడు.

ఆ మాట అమ్మకి నచ్చలేదు. ముఖం మీద పౌడరు తుడిచి చూసినట్టనిపించింది కాబోలు.

తర్వాత ముందుకొచ్చి కారు ముఖం చూశాడు. "అమ్మగారూ, ఆర్సీ పుస్తకంలో 1964 అని ఉంది. అప్పుడు వచ్చేది మార్క్ టూ. దానికి ముందు జాలీ గళ్ళుగళ్ళుగా ఉంటుంది. దీనికేమో అడ్డ పట్టీలున్నాయి. ఇది మార్క్ త్రీ జాలీ. అది 1975లో గానీ రాలేదు. లోపల డాష్‌బోర్డు పాతదే. ఇంజను వేరే బండిది. వెనక తలుపులు ఇంకో బండివి. మరి దీన్ని 1964 కారని ఎలా అంటాం?"

అతను మర్యాదగానే అన్నాడు. కానీ అమ్మ ముఖం ఎర్రబడింది. "అంటే ఏమిటి బాబూ, మా వారు అబద్ధం చెప్పారనా?" అంది.

అతను కంగారుపడి అలా కాదని ఏదో సర్దిచెప్పి, అడిగినదానికి సగం ధర చెప్పి, ఆలోచించుకోమని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అమ్మ సరిగ్గా అన్నం తినలేదు. సగం ధరకి కాదు ఆవిడ బాధ. నలభై ఏళ్ళు నాన్నగారు "మా అరవైనాలుగు మోడల్" అని ఊరంతా చెప్పుకున్నారు. ఆ మాట ఇప్పుడు అబద్ధమైపోయిందని.

నాకు కార్ల గురించి తెలిసింది చాలా తక్కువ. కానీ నవలలు రాసేవాళ్ళకి అవసరమున్నవీ లేనివీ చదివే అలవాటుంటుంది కదా. ఎప్పుడో చదివిన ఒక కోర్టు కేసు గుర్తొచ్చింది. పక్కలేసుకున్నాక అమ్మకి ఆ కథంతా చెప్పాను. ఇప్పుడు మీకూ చెప్తాను.

ఇంగ్లండులో బెంట్లీ అని ఒక కార్ల కంపెనీ ఉంది. డబ్ల్యూ. ఓ. బెంట్లీ అనే ఇంజనీరు 1919లో స్థాపించాడు. కార్లు గొప్పవే గానీ కంపెనీకి ఎప్పుడూ డబ్బు కటకటే. అప్పుడు ఉల్ఫ్ బార్నాటో అనే ధనవంతుడు చెయ్యందించాడు. వాళ్ళ నాన్న దక్షిణాఫ్రికాలో కింబర్లీ వజ్రాల గనుల్లో కోట్లు గడించినవాడు. ఈ కొడుకు ఆ డబ్బుని కార్ల మీద పెట్టాడు. పెట్టి ఊరుకోకుండా తనే ఎక్కి నడిపాడు కూడా.

ఫ్రాన్సులో ల మాన్ అనే ఊళ్ళో ఏటా ఒక పందెం జరుగుతుంది. 24 గంటలపాటు రాత్రీ పగలూ ఆగకుండా నడపాలి. ఆ రోజుల్లో ఇద్దరు డ్రైవర్లు వంతులేసుకునేవారు. 1929లో బార్నాటో, టిమ్ బర్కిన్ కలిసి ఒక బెంట్లీ స్పీడ్ సిక్స్ కారులో ఆ పందెం గెలిచారు. మరుసటేడు 1930లో అదే కారులో బార్నాటో, గ్లెన్ కిడ్‌స్టన్ కలిసి మళ్ళీ గెలిచారు. ఆ కారుకి "ఓల్డ్ నంబర్ వన్" అని పేరొచ్చింది. మన భాషలో "మన పాత ఒకటో నంబరు" అని ముద్దుగా పిలుచుకోవడమన్నమాట.

పందెపు కారు బతుకు మిలిటరీ గుర్రం బతుకులాంటిది. ఒక్కో పందేనికీ ఏదో ఒకటి అరుగుతుంది, విరుగుతుంది. విరిగినది తీసి కొత్తది వేస్తారు. 1931లో బెంట్లీ కంపెనీ అప్పుల్లో మునిగి రోల్స్ రాయిస్ చేతికి పోయింది. అయినా ఓల్డ్ నంబర్ వన్ మాత్రం పరిగెడుతూనే ఉంది. ఆ ఏడే ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ మైదానంలో 500 మైళ్ళ పందెం గెలిచింది. 1932కి దానికి వేరే ఛాసిస్ వేసి, 6½ లీటర్ల ఇంజను స్థానంలో 8 లీటర్ల ఇంజను బిగించారు. ఛాసిస్ అంటే కారుకి వెన్నెముక. ఇంజను గుండె. అంటే వెన్నెముకా గుండే రెండూ మారిపోయాయన్నమాట.

ఆ సెప్టెంబరులో మళ్ళీ అదే 500 మైళ్ళ పందెం. జాక్ డన్‌ఫీ, క్లైవ్ డన్‌ఫీ అని ఇద్దరన్నదమ్ములు వంతులవారీగా నడుపుతున్నారు. బ్రూక్‌లాండ్స్‌లో మలుపుల దగ్గర రోడ్డుని గోడలాగా ఏటవాలుగా పైకెత్తి కట్టారు. అన్న దిగి తమ్ముడు ఎక్కాడు. కాసేపటికి కారు ఆ ఏటవాలు అంచు దాటి అవతల పడింది. క్లైవ్ అక్కడికక్కడే పోయాడు. అతని భార్య జేన్ బాక్స్‌టర్ పేరున్న నటి. అప్పటికి పెళ్ళయి రెండేళ్ళే.

"అయ్యో, పాపం ఆ పిల్ల" అంది అమ్మ చీకట్లోంచి. అంతవరకూ నిద్రపోయిందేమోననుకున్నాను.

ఆ విరిగిన కారుని బార్నాటో పారెయ్యలేదు. బాగుచేయించి, పైన టాపు ఉన్న చిన్న కూపే బాడీ కట్టించి, రోడ్డు మీద తిరిగే కారుగా మార్చాడు. ఆ తర్వాత అది చేతులు మారుతూ, బాగుచేతలు చేయించుకుంటూ, దాదాపు అరవై ఏళ్ళు గడిపింది.

ఇక 1990 ఏప్రిల్‌కి వద్దాం. అప్పటికి దాని యజమాని దాన్ని ఒక కంపెనీకి అమ్మడానికి ఒప్పుకున్నాడు. ధర ఎంతనుకుంటున్నారు? అక్షరాలా కోటి పౌండ్లు! ఒప్పందమయ్యాక కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. "ఇది ఓల్డ్ నంబర్ వన్ కానే కాదు, రకరకాల సంవత్సరాల ముక్కలు కలిపి బిగించిన బండి" అన్నారు. అమ్మినాయన లండన్ హైకోర్టుకెళ్ళాడు.

కోర్టులో నిపుణులు కారుని భాగాలు భాగాలుగా చదివారు. లెక్క తేల్చేసరికి ఏం మిగిలిందో చూడండి. 1929లో గెలిచిన కారు తాలూకు, ఏ కాలానివో తేల్చలేని చిన్నచిన్న బిగింపులు తప్ప ఇంకేమీ లేవు. 1930లో గెలిచిన కారుది పెడల్ షాఫ్టు ఒకటి, గేర్‌బాక్సు పైపెట్టె ఒకటి, స్టీరింగు కాలమ్ ఒకటి, అంతే. ఛాసిస్ ఫ్రేము, స్ప్రింగులు, ముందు యాక్సిల్, 8 లీటర్ల ఇంజను ఇవన్నీ 1932లో ప్రమాదానికి గురైన రూపానివి. మిగిలినవి ఆ తర్వాత వచ్చి చేరినవి.

ఇప్పుడు మీరే జడ్జీ అనుకోండి. కోటి పౌండ్లు ఇప్పిస్తారా, ఇప్పించరా?

జస్టిస్ ఆటన్ ఆ జూలైలో తీర్పు చెప్పాడు. ముందుగా రెండు మాటల్ని విడదీశాడు. మనం రెంటికీ "అసలైనది" అనే అంటాం. ఒకటి ఒరిజినల్, రెండోది జెన్యూన్. ఒరిజినల్ అంటే కార్ఖానా నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉన్నది. ఈ కారుని అలా అనడానికి వీల్లేదన్నాడు. కానీ ఇది జెన్యూన్, ఇదే నిజమైన ఓల్డ్ నంబర్ వన్ అన్నాడు. ఎందుకంటే మార్పులన్నీ ఒక్కసారిగా జరగలేదు. కారు పరుగులో ఉండగానే, ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చి దానిలో కలిసిపోయాయి. ఏ దశలోనూ అది తన గుర్తింపు పోగొట్టుకోలేదు. ఆ పేరు మాదని చెప్పుకునే హక్కున్న మరో కారు లోకంలోనే లేదు. పైగా అమ్మకానికి పెట్టింది ఇనుము ఒక్కటే కాదు, ఆ కారు చరిత్ర, దాని పేరుప్రతిష్ఠ కూడా. అమ్మినాయనే గెలిచాడు.

నేనింకా వివరించబోతుంటే అమ్మ లేచి కూర్చుంది. "ఈ మాత్రానికి కోర్టుకెళ్ళాలా? మా అత్తగారి కాసులపేరు చూళ్ళేదూ? కొక్కెం విరిగితే నా పెళ్ళికి మార్పించారు. అరిగిపోయిన కాసులు ఆరు నీ పెళ్ళికి మార్పించాను. కిందటేడు గొలుసే తెగితే కొత్తది వేయించాను. అయినా అది మా అత్తగారి కాసులపేరే. అదే కంసాలి మొత్తం ఒక్కరోజున కరిగించి అదే నమూనాలో కొత్తది చేసిస్తే, ఎంత బాగున్నా అది ఆవిడది కాదు" అంది.

జడ్జీగారు పుటలు పుటలుగా రాసినదాన్ని అమ్మ ఒక్క కాసులపేరుతో తేల్చేసింది!

నిజానికి ఈ చిక్కు బెంట్లీతోనూ మా అంబాసిడర్‌తోనూ పుట్టింది కాదు. కారు కనిపెట్టక ముందునుంచీ ఉంది. మిళిందపన్హ అని పాళీ భాషలో ఒక బౌద్ధ గ్రంథం ఉంది. మిళిందుడంటే మన దేశపు వాయవ్య భాగాన్ని క్రీస్తుకి పూర్వం రెండో శతాబ్దంలో ఏలిన గ్రీకు రాజు మినాండర్. ఆయన నాగసేనుడనే భిక్షువుని చూడ్డానికి రథమెక్కి వస్తాడు. నాగసేనుడు అడుగుతాడు: రాజా, నువ్వొచ్చిన రథమేది? నొగా? ఇరుసా? చక్రాలా? రాజు దేనికది కాదంటాడు. మరి ఇవన్నీ తీసేస్తే మిగిలేది రథమా? అదీ కాదంటాడు. భాగాలన్నీ ఒక పద్ధతిలో కలిసినప్పుడు మనం దానికి పెట్టుకునే పేరే రథమని చివరికి రాజే ఒప్పుకుంటాడు. జస్టిస్ ఆటన్ ఆ గ్రంథం చదివాడో లేదో గానీ, ఇద్దరూ ఒకే దారిలో నడిచారనిపిస్తుంది నాకు.

అలాగని ఎవరు ఏం చెప్తే అది నమ్మేయాలా? కూడదు. దానికీ బెంట్లీ కథే ఒకటుంది.

1930 మార్చిలో ఈ బార్నాటోయే ఫ్రాన్సులోని కాన్ నుంచి ఒక పందెం వేసుకుని బయల్దేరాడు. "బ్లూ ట్రైన్" అనే పేరుమోసిన రైలు కాన్‌లో కదిలే వేళకి తనూ కారులో కదిలి, అది సముద్రపు ఒడ్డున కలే చేరకముందే లండన్ చేరాలి. రాత్రంతా నడిపి, సముద్రం కూడా దాటి, మర్నాడు మధ్యాహ్నం నాలుగు నిమిషాల ముందు గెలిచాడు. ఆ ఘనకార్యం చేసిన కారని చాలాకాలం అందరూ ఒక అందమైన కూపేని చూపించారు. వెనకవైపు నున్నగా జారినట్టుండే దాని సొగసు చూస్తే ఎవరైనా నమ్ముతారు. పేరున్న చిత్రకారుడు టెరెన్స్ క్యూనియో రైలు పక్కన ఆ కూపే దూసుకుపోతున్నట్టు బొమ్మ కూడా వేశాడు.

కానీ కాగితాలు వేరే మాట చెప్పాయి. ఆ రోజుల్లో బెంట్లీ కంపెనీ ఇంజను బిగించిన ఛాసిస్ మాత్రమే అమ్మేది. బాడీని కొన్నవాళ్ళు వేరేచోట కట్టించుకునేవారు. మనం బట్ట ఒకచోట కొని జాకెట్టు ఇంకోచోట కుట్టించుకుంటాం చూడండి, అలాగ. గర్నీ నట్టింగ్ వాళ్ళు కట్టిన ఆ కూపే యజమానికి అందింది 1930 మేలో. మార్చిలో పుట్టనే లేదు! పందెంలో పరిగెత్తింది మల్లినర్ వాళ్ళు బాడీ కట్టిన, చూడ్డానికి మామూలుగా ఉండే వేరే సెలూన్ కారు. అందమైనదానికి పేరొచ్చింది, పనిచేసినదాన్ని లోకం మరిచిపోయింది. ఇలాంటి కథలు మన ఇళ్ళల్లోనూ లేకపోలేదు కదా!

అందుకే పాత కార్లు చూసేవాళ్ళు ముఖం చూసి మోసపోరు. ఛాసిస్ మీదా ఇంజను మీదా గేర్‌బాక్సు మీదా పొడిచిన నంబర్లు చూస్తారు. అవి కంపెనీ రికార్డులతో కలుస్తాయో లేదో చూస్తారు. రంగు చెక్కిపోయినచోట కింద ఇంకెన్ని రంగులున్నాయో చూస్తారు. పనేమీ లేని బోల్టు కన్నం కనిపిస్తే ఒకప్పుడు అక్కడేముండేదో ఊహిస్తారు. పాత ఫోటోలు పక్కన పెట్టుకుంటారు. మన హైదరాబాదు అబ్బాయి చేసిందీ అదే. అతని తప్పేమీ లేదు.

మన అంబాసిడర్ విషయంలో ఈ పని ఇంకా కష్టం. కలకత్తా పక్కన ఉత్తరపాడాలో, మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారు నమూనాతో 1950లలో మొదలైన ఆ కారు 2014 దాకా తయారైంది. ఇన్నేళ్ళలోనూ ఆ బోర్లించిన గిన్నెలాంటి ఆకారం పెద్దగా మారలేదు. అందుచేత ఒక కాలపు తలుపు ఇంకో కాలపు కారుకి పట్టేస్తుంది. పైగా ఆ రోజుల్లో కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. ఉన్నదాన్ని బాగుచేసుకోవడం తప్ప గత్యంతరం లేదు. విజయవాడ ఆటోనగర్‌లో మా మేస్త్రీ లాంటివాళ్ళు ఎన్ని కార్లకి పునర్జన్మ ఇచ్చారో!

"కాగితాలు..." అని గొణిగింది అమ్మ. తర్వాత మాట్లాడలేదు. నేను నిద్రపోయాను.

తెల్లారి లేచేసరికి డైనింగ్ టేబిలు మీద అట్టపెట్టె ఒకటి ఉంది. బీరువా మీదనుంచి అమ్మే దింపింది. దాన్నిండా రసీదులు, ఒక పొడుగాటి నోటు పుస్తకం. నాన్నగారు లెక్కల మనిషని తెలుసు గానీ, కారుకి కూడా చరిత్ర రాశారని మాకెవరికీ తెలీదు.

1979లో కారు కొన్న రోజునుంచీ ఉంది. 1983లో ఏలూరు రోడ్డులో లారీ రాసుకుపోయి ముందు భాగం నలిగింది. పాత జాలీ దొరక్క, కొత్త మోడల్ది వేయించానని రాశారు. ఎడమ మడ్‌గార్డు మార్చడానికి డబ్బు చాలక లప్పంతో సరిపెట్టించానని పక్కనే రాశారు. ఆ ఏడు నాకు టైఫాయిడ్ వచ్చిందని అమ్మ గుర్తుచేసింది. 1988లో ఇంజను మార్పించారు. కొత్త ఇంజను నంబరు ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీ పుస్తకంలో ఎక్కించిన తేదీ, కట్టిన రుసుము అన్నీ ఉన్నాయి. వెనక తలుపులు తుప్పు పట్టి మార్చింది తమ్ముడు పుట్టిన ఏడు. ఏదీ దాచలేదు.

అమ్మ ఆ పుస్తకం మూసి, "చూశావా, మా వారు అబద్ధం చెప్పలేదు" అంది. అప్పుడు కళ్ళు తుడుచుకుంది.

నాకప్పుడు అర్థమైంది. కారులో భాగాలు మారడం మోసం కాదు. మారినదాన్ని దాచి, ఏమీ మారనట్టు చెప్పడం మోసం. మనుషులం మాత్రం? ఇరవైల్లో ఉన్న ముఖంతో యాభైల్లో ఉంటామా? మారుతూ మారుతూనే మనం మనంగా ఉంటాం. నిన్నటినుంచి ఇవాళ్టికి దారి చెప్పగలిగితే చాలు.

ఆ అబ్బాయికి ఫోన్ చేశాం. మర్నాడే వచ్చాడు. నోటు పుస్తకం తెరిచి అరగంటసేపు తలెత్తలేదు. కాఫీ చల్లారిపోయింది. "అమ్మగారూ, నేను తప్పుగా మాట్లాడాను. ఇది 1964 కారే. అప్పటినుంచి ఏమైందో కూడా చెప్పే కారు. ఇలాంటిది దొరకదు" అన్నాడు. అడిగిన ధర పూర్తిగా ఇవ్వలేదనుకోండి. కానీ మొదట చెప్పినదానికి బాగానే పెంచాడు. చివర్లో తల గోక్కుంటూ, "ఈ పుస్తకం కూడా కారుతో ఇవ్వాలండీ. ఇది లేకపోతే కారు సగమే" అన్నాడు.

అమ్మ చాలాసేపు ఆలోచించింది. తర్వాత తమ్ముడి చేత పుస్తకం మొత్తం జిరాక్సు తీయించింది. అసలు పుస్తకం ఆ అబ్బాయికిచ్చే ముందు, కళ్ళజోడు పెట్టుకుని, నాన్నగారి చివరి పద్దు కింద తేదీ వేసి, తన గుండ్రటి అక్షరాలతో ఒక పద్దు రాసింది:

"ఈరోజు కారు హైదరాబాదు వెళ్ళింది. హారను బాగానే మోగుతోంది."